నాలుగో ట్యూబు

3, మంగళవారం

పెద్దది ఫోన్ చేసింది. వాళ్ళమ్మ ఫోన్లో నా నంబరు వెతకడం దానికి వచ్చేసింది. "నాన్నా, నదికి ఎప్పుడు?" అంది, నిన్న ఆపిన మాటని ఇవాళ అందుకున్నట్టు. దానికి నాలుగేళ్ళప్పుడు చెప్పాను, వేసవిలో మీ అందరినీ ట్యూబుల మీద కూర్చోబెట్టి నదిలో వదిలేస్తాను, నీళ్ళే మోసుకుపోతాయి, మనం కాళ్ళు చాపుకుని ఆకాశం చూడ్డమే పని అని. ఇప్పుడు దానికి ఏడు. పంక్చర్ షాపు నాది, ఊళ్ళో ప్రతి బండి ట్యూబూ నా చేతుల మీదుగానే పోతుంది. నా పిల్లలకి ఒక్క ట్యూబు దొరకడానికి మాత్రం మూడు వేసవులు చాలలేదు.

ఇరవై రెండో తేదీ, ఆదివారం అన్నాను. ఆ తేదీ నోట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

తర్వాత ఇంకో కబురు చెప్పింది. అమ్మ పనిచేసే ల్యాబ్ వాళ్ళు ఎక్కడో దూరంగా కొత్తది పెడుతున్నారట. అక్కడికి వెళ్తావా అని అమ్మకి కాగితం ఇచ్చారట. నెలాఖరులోగా సంతకం పెట్టాలి. "రైల్లో ఒక రోజంతా పోవాలంట నాన్నా. పడుకోడానికి పైన బెర్తు ఇస్తారంట." ఎంత సంబరంగా చెప్పిందో. నేనూ సంబరంగానే విన్నాను. ఇప్పుడు రెండు గంటల బస్సు దూరంలో ఉంటేనే నేను వాళ్ళని చూసి ఐదు నెలలైంది.

ఇరవై రెండు. ఆరు నూరైనా సరే.

4, బుధవారం

ఇవాళ వాళ్ళమ్మ మాట్లాడింది. ఇల్లు విడిచి వెళ్ళేదాకా నన్ను నువ్వు అనేది, ఇప్పుడు మీరు. గౌరవం పెరిగిందని సంతోషించాలి కాబోలు.

పిల్లల్ని పంపిస్తానంది. అయితే ఈసారి కూడా లారీ వచ్చింది, టైరు పేలింది అంటే పెద్దదానికి ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి, నేను మటుకు ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, నాకూ ఏదో ఒకటి అనడానికి వీలు చిక్కేది.

సరే అన్నాను. చాలా అనాలనుకున్నాను. సరే అని పెట్టేశాను.

7, శనివారం

ట్యూబులు తీశాను. నాకు లారీ ట్యూబు. పెద్దదానికి జీపు ట్యూబు. చిన్నోడికి చిన్న కారుది, దాని నడుమ టార్పాలిన్ ముక్కతో కుర్చీ కుడుతున్నాను, కాళ్ళు దూరడానికి రెండు కన్నాలు పెట్టి. వాడి కొలత కావాలి. ఇంట్లో తలుపు చట్రం మీద పెన్సిల్ గీత ఉంది, వాళ్ళు వెళ్ళడానికి ముందు నెల గీసింది. దానికి రెండంగుళాలు కలుపుకున్నాను. కన్నకొడుకు కొలత ఒకర్ని అడగాలా.

నాలుగోది కూడా ఒకటి తీశాను. లారీదే. సామాన్లకి.

నాలుగింటినీ తొట్టిలో ముంచి చూశాను. జీపుదానికి వాల్వు మొదట్లో సన్నగా బుడగలు. పిన్ను మార్చాను. ఇక గాలి కొట్టి రెండు రోజులు వదిలేయాలి. పెద్ద చిల్లు తొట్టిలో వేయగానే దొరికిపోతుంది. సన్నది దొరకదు, పొద్దున్నే వచ్చి బొటనవేలితో నొక్కి చూస్తేగాని తెలియదు.

8, ఆదివారం

నది చూసొచ్చాను. వంతెన దగ్గర దిగాలి, పంపుహౌస్ వంపు దగ్గర తేలాలి. మధ్యలో రెండు కిలోమీటర్లు, గంటసేపు. పై ఆనకట్ట గేట్లు మూసి ఉన్నాయి కాబట్టి నీళ్ళు నా ఛాతీ దాటవు, ఎక్కువ చోట్ల నడుమే. వచ్చే నెల ఒకటిన గేట్లు ఎత్తేస్తారు, ఆ తర్వాత ఎవర్నీ దిగనివ్వరు. నల్ల ట్యూబు ఎండకి కాలుతుంది, ఎక్కే ముందు నీళ్ళు చల్లాలి. గాలి నిండా కొట్టకూడదు, ఎండలో ఉబ్బుతుంది. ఈ రెండూ నాకు ఒకరు చెప్పాలా, అయినా అక్కడి పడవాయన చెప్పాడు, నేను విన్నాను.

లైఫ్ జాకెట్లు ఆయనే ఇస్తాడు. పద్ధతి ఒకటి ఉంది ఆయనకి. ఎనిమిదేళ్ళ లోపు ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద, తాడుతో కట్టుకుని వెళ్ళాలి. నాకు ఇద్దరు అన్నాను.

"అయితే ఇద్దరు పెద్దాళ్ళు. వాళ్ళమ్మ వస్తుందిగా?" అన్నాడు.

"వస్తుంది" అన్నాను.

అంత సులువుగా అనేశాను. బస్సెక్కాక కూడా ఆ మాట నోట్లో తియ్యగానే ఉంది.

9, సోమవారం

తనకి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, పిల్లలకి టోపీలు, మార్చుకోడానికి బట్టలు, నేను బ్రెడ్డూ ఉడకబెట్టిన గుడ్లూ అరటిపళ్ళూ తెస్తానని. పడవాయన నంబరు కూడా ఇచ్చాను, మంచిదని. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద అన్న సంగతి చెప్పడం మర్చిపోయాను.

11, బుధవారం

రెండో పెద్ద ఎవరు? షాపులో ట్యూబులకి ప్యాచీలు అతికే హాట్ ప్రెస్సు చూసే తాతకి నీళ్ళంటే గిట్టదు. మా అక్కకి మోకాళ్ళు. టీ కొట్టాయన ఆదివారం కొట్టు మూయడు. పై వాటాలో ఉండే మాస్టారు మంచివాడే, కానీ దారంతా పాఠం చెబుతాడు. ఎవరూ దొరకడం లేదు. ఏం చేస్తాం.

అడిగి చూడొచ్చు. అడిగినా రారని తెలిసి అడగడం ఎందుకు.

12, గురువారం

ఇవాళ కూడా చెప్పడం మర్చిపోయాను.

14, శనివారం

ట్యూబులు నాలుగూ నిలబడ్డాయి. నొక్కి చూశాను, నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే. వాల్వు కొసలు ఒంటికి గీసుకోకుండా సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి అతికించాను. నాలుగోదానికి రెండు పొరలు వేశాను. తన చర్మానికి ఇట్టే గీత పడుతుంది.

సామాన్లకి గీతలు పడితే బాగోదు కదా.

తాత ప్రెస్సు దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. "నాలుగోది ఎవరికిరా?" అన్నాడు. సామాన్లకి అన్నాను. రెండు బ్రెడ్లకీ నాలుగు గుడ్లకీ లారీ ట్యూబా అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అడగందే అమ్మైనా పెట్టదురా" అన్నాడు. నాకు అప్పుడే ఒక టైరు విప్పాల్సిన పని గుర్తొచ్చింది.

చొక్కా తగిలించే మేకు ఇంకా షాపు గోడకే ఉంది. పోయినేడాది ఆ రోజు చొక్కా దానికే తగిలించాను, ఫోన్ జేబులో ఉంది, నేను లారీ కింద ఉన్నాను. తను తొమ్మిదిసార్లు చేసింది. చిన్నోడికి జ్వరం ఎక్కి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. పెద్దదాన్ని వెంటేసుకుని, వాణ్ణి ఎత్తుకుని, రోడ్డు మీద ఎవరి బండో ఆపి ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. నేను మర్నాడు ఆపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళాను.

ఇప్పుడు ఫోన్ ప్యాంటు జేబులోనే పెట్టుకుంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఇప్పుడు ఎవరు తొమ్మిదిసార్లు చేస్తారు.

16, సోమవారం

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. తను పడవాయనకి ఫోన్ చేసింది.

జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా అని కనుక్కుందామని చేసిందట. ఆయన మర్యాదస్తుడు, మొత్తం చెప్పాడు. మీ ఆయన పోయిన వారమే వచ్చి చూసుకున్నాడమ్మా, రెండో పెద్దగా నువ్వొస్తావని చెప్పాడు అన్నాడట.

అది కాగానే నాకు చేసింది.

"ఒడ్డుకొచ్చాక పద్ధతి ఇదీ అని తెలుస్తుంది, పిల్లలు ఏడుస్తారు, ఇక నేనే ఎక్కుతాను. అదేగా అనుకున్నారు?"

అదే అనుకున్నాను. ఈ పుస్తకంలో కూడా ఆ మాట ఇప్పటిదాకా రాసుకోలేదు.

"వస్తావా అని అడగలేదేం?" అంది.

నేను చేతిలో ఉన్న వాల్వు బిగించాను. తనే అందుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా నేను ఒక్క మాట అనలేదట. నాలుగు రోజులు ఇంట్లో తిరిగి, ఐదో రోజు వంటింటికి రంగు వేశానట. ఆ రంగు వాసనలో వంట చేస్తూ ఇక వెళ్ళిపోదామని అనుకుందట. పద్నాలుగు నెలలకి ఇవాళ తెలిసింది నాకు. నేను అది తనకి నచ్చిందనుకున్నాను.

పిల్లలతో తమ్ముడు వస్తాడని చెప్పి పెట్టేసింది. తను రాదు.

17, మంగళవారం

రంగు మంచిదే. ఇప్పటికీ పెచ్చు లేవలేదు.

18, బుధవారం

నాలుగో ట్యూబులో బావమరిది కూర్చుంటాడు. అతను తొంభై కిలోలు. సైకిల్ ట్యూబు ముక్క రెండు పొరలు వేయడం మంచిదే అయింది.

ఊరందరి ట్యూబులూ తొట్టిలో ముంచి ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా పని.

21, శనివారం

సాయంత్రం ట్రాన్స్‌పోర్టు ఆయన ఆరు టైర్లు దింపాడు. రేపు మధ్యాహ్నానికి బండి కదలాలన్నాడు. రేపు షాపు తీయను అన్నాను. నవ్వాడు. ఎనిమిదేళ్ళుగా నా నోట ఆ మాట వినలేదు పాపం. మళ్ళీ చెప్పాను. తిట్టుకుంటూ టైర్లు ఎక్కించుకుని ఇంకో షాపుకి పోయాడు.

ఇంత సులువా? అయితే ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదో మరి.

23, సోమవారం

నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు షాపులో కూర్చుని రాస్తున్నాను.

వాళ్ళ కంటే గంట ముందే వంతెన దగ్గర ఉన్నాను, మడత పెట్టిన ట్యూబులూ కాలి పంపూ వేసుకుని. వాళ్ళ బస్సు వచ్చింది. బావమరిది దిగాడు, పిల్లలు దిగారు, వెనక తను కూడా దిగింది. నీలం సంచిలో తువాళ్ళు. పిల్లలు తడిసి బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలిగా అంది, నేనేమీ అడగకుండానే. చిక్కింది. చెవి దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. వాటిని కూడా చూడనివ్వలేదు నన్ను ఈ పద్నాలుగు నెలలు. కాదు, నేనే వెళ్ళి చూసుకోలేదు.

చిన్నోణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్ళు కన్నాల్లో దిగలేదు. తొడల దగ్గర పట్టేశాయి. నొక్కి చూశాను, వాడు కెవ్వుమన్నాడు. పైకి లాగితే ట్యూబు కూడా వాడితో పాటే లేచింది. బావమరిది పడీ పడీ నవ్వాడు. నేను కత్తితో టార్పాలిన్ కోశాను. తను చూస్తూ నిలబడింది. ఏడో తేదీన ఒక్క ఫోన్ చేసి వాడి కొలత ఎంత అని అడిగి ఉంటే సరిపోయేది.

వాణ్ణి నా ఒళ్ళో పెట్టుకున్నాను, పడవాయన తాడు కట్టాడు. పెద్దది బావమరిది తాడుకి. చివరికి సామాన్లు చిన్నోడి ట్యూబులో ఎక్కాయి. తను పడవాయన వ్యానులో పంపుహౌస్ వైపు వెళ్ళిపోయింది.

నీళ్ళు నెమ్మదిగా తీసుకెళ్ళాయి. బావమరిది మొదటి పావుగంట కళ్ళు తెరవలేదు, "బావా, ఇంకెంత దూరం బావా" అంటూనే ఉన్నాడు. పెద్దది వెనక్కి వాలి, టోపీ తీసి పొట్ట మీద పెట్టుకుని, కాళ్ళు చాపి పడుకుంది. చాలాసేపు ఆకాశం చూసింది. తర్వాత, "నువ్వు చెప్పినట్టే ఉంది నాన్నా" అంది. మూడేళ్ళ కిందటి మాటని అది అక్షరం పోకుండా దాచుకుంది. నేను దాని ట్యూబు మీద నీళ్ళు చల్లాను.

చిన్నోడు నా బొటనవేలు వదల్లేదు. వాడి తల నా గడ్డం కింద ఉంది, తడిసిన జుట్టు వాసన. వాడు ఇంత బరువయ్యాడని నాకు ఎవరూ చెప్పలేదు. అన్నీ ఉన్నాయి, పిల్లలున్నారు, ఎండ కూడా మెత్తగానే ఉంది, అయినా ఆ గంటసేపూ నా కళ్ళు పంపుహౌస్ వంపు ఎప్పుడొస్తుందా అనే చూశాయి. తను లేకపోతే నాకు అన్నీ సగమే. రాసేశాను, ఇక కొట్టేయను.

వంపు తిరగ్గానే కనిపించింది. బట్టలు పైకి మడుచుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది, భుజానికో తువాలు. ముందు చిన్నోణ్ణి అందుకుంది, తర్వాత పెద్దదాన్ని. ఆ తర్వాత నా తాడు పట్టుకుని ఒడ్డుకి లాగింది. వరసలో తర్వాతి పని అదే కాబట్టి లాగింది, ఇంకేం లేదు.

పిల్లలు మళ్ళీ మళ్ళీ అని గోల. గాలి లేవకముందు ఇంకో విడత వెళ్ళొచ్చు అన్నాడు పడవాయన. బావమరిది ఇసుకలో బోర్లా పడుకుని, చంపినా సరే మళ్ళీ ఆ నీళ్ళలోకి దిగనన్నాడు. నాలుగో ట్యూబు ఖాళీగా నీళ్ళ అంచున ఊగుతోంది. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద. అందరం తనవైపు చూశాం. పెద్దది "అమ్మా, నువ్వు రా" అంది. చిన్నోడు చెయ్యి పట్టుకుని లాగాడు.

నేనూ నోరు తెరిచాను. "పిల్లలు అడుగుతున్నారు, రావచ్చుగా" అన్నాను.

తను పిల్లల చేతికి అరటిపళ్ళిచ్చి నన్ను నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళింది.

"పిల్లలు అడిగింది నాకు వినిపించింది. మీరేం అడుగుతున్నారు?"

నా ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూస్తూ ఆగింది. నిజంగానే ఆగింది. లెక్క పెడితే ఇరవై దాకా వచ్చేది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నాను.

తను తల ఊపింది. వెళ్ళి పిల్లల తల తుడిచింది. రెండో విడత లేదు. ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోయారు. బస్సులోంచి పెద్దది ఒక్కతే చెయ్యి ఊపింది, చిన్నోడు అప్పటికే వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయాడు.

నీళ్ళు చల్లగా ఉన్నాయట. ఎనిమిదేళ్ళ కాపురం చేసినవాణ్ణి.

24, మంగళవారం

ఇవాళ ఫోన్ చేద్దామనుకున్నాను. ఐదు టైర్లు వచ్చాయి.

అబద్ధం. రెండే వచ్చాయి.

25, బుధవారం

మధ్యాహ్నం తను ల్యాబ్‌లో ఒక్కతే ఉండే అరగంట ఉంటుంది, మిగతావాళ్ళు భోజనానికి వెళ్తారు. తాతతో చెప్పి షాపు వెనక్కి వెళ్ళాను. చెప్పాల్సినవి కాగితం మీద రాసుకున్నాను, తీరా చూస్తే గ్రీజు చేతులకి అక్షరాలు అలికిపోయాయి. అదీ మంచిదే అయింది. ఫోన్ చేశాను.

"నాలుగో ట్యూబు సామాన్లకి కాదు. నీకోసం తీశాను. మొదటి రోజు నుంచీ నీకే" అన్నాను.

అటు వెనక రక్తం గొట్టాలు తిప్పే మిషను శబ్దం వస్తోంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు, అందుకే ఆపలేదు. ఆ రోజు ఫోన్ తీయకపోవడం నా తప్పు అన్నాను. వాణ్ణి ఎత్తుకుని రోడ్డు మీద నిలబడ్డప్పుడు నీకెంత భయమేసిందో అడగకుండా గోడకి రంగు వేయడం అంతకంటే పెద్ద తప్పు అన్నాను. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు అన్నాను, అలా అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు, అయినా అడుగుతున్నాను అన్నాను.

"గేట్లు ఎత్తేలోగా ఇంకొక్క ఆదివారమే ఉంది. వస్తావా? పిల్లలు కాదు, నేను అడుగుతున్నాను. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు."

మిషను తిరిగి తిరిగి ఆగిపోయింది. తను ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఇంత మాట అనడానికి ఏడాది పట్టిందా?" అంది.

"ఏడాది మీద రెండు నెలలు" అన్నాను.

నవ్విందో ఏమో తెలియదు. ఎవరో లోపలికి వచ్చినట్టున్నారు, గొంతు తగ్గించింది. కాగితం ఇంకా సంచిలోనే ఉందంది, సోమవారం దాకా గడువుందంది.

"వస్తానని అనను. ఆ నాలుగోది కూడా గాలి కొట్టి ఉంచు."

పెట్టేసింది.

అన్నం తినకుండానే వెళ్ళి నాలుగోది గాలి కొట్టాను. తొట్టిలో ముంచి చుట్టూ తిప్పి చూశాను. ఒక్క బుడగ రాలేదు. తాత ప్రెస్సు దగ్గర నుంచి చూస్తున్నాడు, అయినా ఇంకోసారి ముంచాను.